ఆకుల రంగులు చూడాలంటే దసరాకు కాదు, మాఘ ఫాల్గుణాల్లో బయలుదేరండి

మీరు అడిగినది ఇది: న్యూజెర్సీలో ఉన్న మీ తమ్ముడు పంపిన ఎర్రాకుల ఫోటోలు చూసినప్పటి నుంచి, బొమ్మలు వేసే మీ 14 ఏళ్ల అమ్మాయికి అలాంటి చెట్ల కింద కూర్చుని గీయాలనే ధ్యాసే. దసరా సెలవుల్లో హన్మకొండ నుంచి కారులో, మీ అత్తగారిని, తొమ్మిదేళ్ల బాబును కూడా తీసుకుని ఒక రోజు వెళ్లి రావాలనుకుంటున్నారు. ఎక్కడికి వెళ్లాలి, అక్కడ పిల్లలతో ఏం చేయించాలి, ఏ రంగులు కొనాలి అని అడిగారు. పిల్లలకు చిత్రలేఖనం నేర్పుతూ, వాళ్లను వెంటబెట్టుకుని ఈ అడవుల అంచుల్లో చాలా ఏళ్లుగా తిరుగుతున్నాను కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను.

ముందుగా తేదీ మార్చుకోండి. దసరా సెలవుల్లో పాకాల చెరువుకు వెళ్లినా, ములుగు వైపు తాడ్వాయి అడవికి వెళ్లినా కనిపించేది నిండు పచ్చదనమే. అప్పటికి వానలు వెనకపట్టినా నేలలో తేమ బాగా ఉంటుంది. టేకుకు ఆకు రాల్చాల్సిన అవసరమే ఇంకా రాదు. ఎర్రాకుల మీద ఆశ పెట్టుకుని వచ్చిన అమ్మాయి ఆ పచ్చదనం చూసి నిరాశపడితే అది అడవి తప్పు కాదు, మనం ఎంచుకున్న నెల తప్పు.

అక్కడికీ ఇక్కడికీ తేడా ఎందుకో మీ అమ్మాయికి చెప్పండి. అర్థం చేసుకునే వయసే. న్యూజెర్సీ చెట్లు ఆకు రాల్చేది రాబోయే చలి కోసం. పగలు కురచనై, రాత్రులు చల్లబడగానే మేపుల్ చెట్టు ఆకులోని పత్రహరితాన్ని విడగొట్టి, ఆకులో ఉన్న నత్రజనిని చాలావరకు కొమ్మల్లోకి తీసుకుంటుంది. పచ్చరంగు పోయాక, అంతవరకు దాని చాటున దాగిన పసుపు బయటపడుతుంది. ఎరుపు సంగతి వేరు. అది మొదటి నుంచి ఆకులో ఉండదు. ఆకులో మిగిలిన చక్కెరల నుంచి ఆ చివరి రోజుల్లో కొత్తగా తయారవుతుంది. అందుకే ఎండ కాసే పగళ్లు, చల్లని రాత్రులు వరుసగా వచ్చిన ఏడాది అక్కడ ఎరుపు గాఢంగా ఉంటుంది. మన చెట్ల బాధ చలి కాదు, నీటి కరువు. వేసవిలో అంత పెద్ద ఆకుల నుంచి నీరు ఆవిరైపోకుండా అవి ముందే ఆకు వదిలేస్తాయి. మన వైపు టేకు డిసెంబరు చివరి నుంచి పసుపుకు మళ్లుతుంది, మార్చి నాటికి చాలా చోట్ల బోడిగా నిలబడుతుంది. పంచాంగంలోని శిశిరం, అంటే మాఘ ఫాల్గుణ మాసాలు, ఈ అడవికి సరిగ్గా సరిపోతుంది.

ఇప్పుడు నేను ముఖ్యంగా చెప్పదలచుకున్న మాటకు వస్తాను. మన అడవిలో మంచి ఎరుపు రాలే ఆకులో కన్నా పుట్టే ఆకులోనే ఎక్కువ. టేకు ఆకు పసుపు, ఖాకీ, గోధుమ రంగుల్లోకి మళ్లి రాలిపోతుంది. ఆ రంగుల అందం ఆ రంగులదే, కానీ మీ అమ్మాయి కలలో ఉన్న ఎరుపు అది కాదు. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ వరకు రావి చెట్టు చూడండి. చిగురు గులాబీ కలిసిన రాగి రంగులో ఉంటుంది. మామిడి చిగురు ఊదాకు దగ్గరగా ఉండే రాగి రంగులో వాలిపోయి వేలాడుతుంది. ఇప్ప చిగురు, తునికి చిగురు ఎర్రగా వస్తాయి. ఉగాది ముందు వేప కొసల్లో కూడా ఆ ఎర్రజీర కనిపిస్తుంది. మేపుల్ ఆకు చివరి దశలో తయారు చేసుకునే ఆంథోసయనిన్ అనే వర్ణకాన్నే మన చెట్లు లేత ఆకులో నింపుకుంటాయి. పత్రహరితం ఇంకా పూర్తిగా చేరని ఆకుకు అది ఎండ దెబ్బ తగలకుండా అడ్డుపడుతుందని వృక్షశాస్త్రం చెబుతుంది. కొద్ది రోజుల్లోనే ఆ ఎరుపు లేతాకుపచ్చలోకి మారిపోతుంది కాబట్టి ఆలస్యం చేస్తే దొరకదు.

బొమ్మ వేసేవాళ్లకు ఈ తేడా చాలా పెద్దది. రాలిన ఆకు ఎండి, దళసరిగా, అంచులు ముడుచుకుని ఉంటుంది. వెలుగు దాని మీద పడి ఆగిపోతుంది. చిగురుటాకు పలచన. వెలుగు దాని గుండా వస్తుంది. చెట్టుకు ఎదురుగా నిలబడి ఎండ మన వెనక నుంచి పడేలా చూసుకుంటే రావి చిగురు మట్టిరంగులా కనిపిస్తుంది. అదే చెట్టు కిందికి వెళ్లి, సూర్యుడి వైపు తలెత్తి చూస్తే అదే చిగురు వెలుగుతుంది, లోపలి ఈనెలు ఒక్కొక్కటీ కనిపిస్తాయి. మొదటిదానికి మట్టిరంగులు చిక్కగా వాడాలి. రెండోదానికి నీళ్లు ఎక్కువ, రంగు తక్కువ. కాగితం తెలుపే వెలుగు కావాలి. ఒకే కొమ్మను ఈ రెండు రకాలుగా వేయమని మీ అమ్మాయికి చెప్పండి. ఒక ఏడాది పాఠం ఒక పూటలో వస్తుంది.

కాబట్టి ఒక ప్రయాణం బదులు రెండు పెట్టుకోవడం మంచిది. మొదటిది జనవరి చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు, రాలే ఆకుల కోసం. రెండోది హోలీకి అటూ ఇటూ, మోదుగ పూల కోసం, చిగుళ్ల కోసం. ఒక్కదానికే వీలైతే రెండోదే ఎంచుకోండి.

మొదటి ప్రయాణానికి పాకాల చాలు. నర్సంపేట మీదుగా సుమారు 50 కిలోమీటర్లు. గణపతిదేవుడి కాలంలో, 1213లో కట్టిన చెరువు అది. కట్ట మీద నిలబడితే ఒక వైపు నీళ్లు, చుట్టూ అడవి గుట్టలు. తెల్లవారి ఆరు దాటకముందే ఇల్లు వదలండి. పొద్దున ఏడున్నర నుంచి తొమ్మిదిన్నర వరకు వెలుగు పక్క నుంచి పడుతుంది, నీడలు పొడుగ్గా ఉంటాయి, ఆకుల రంగులు విడివిడిగా తెలుస్తాయి. పదకొండు దాటితే అంతా ఒకే చదునుగా, వెలిసిపోయినట్లు అయిపోతుంది. అప్పుడు భోజనాలు చేసి, పిల్లలను ఆడుకోనివ్వండి. మళ్లీ నాలుగు తర్వాత గీతకు కూర్చోవచ్చు.

రెండోదానికి ములుగు దారి. హైదరాబాదు నుంచి ఛత్తీస్‌గఢ్‌లోని భోపాలపట్నం వైపు వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి ములుగు దాటాక అడవిలో పడుతుంది. పొద్దున్నే పాలంపేటలో రామప్ప గుడి చూడండి. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన గుడి, 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. మీరు వెళ్లేది రంగుల కోసం కాబట్టి గుడిని కూడా రంగుగానే చూడమనండి. గోడలది ఎర్రటి ఇసుకరాయి, కప్పు అంచుల కింద నిలబడ్డ మదనికలు అనే స్త్రీ శిల్పాలవి నున్నటి నల్లరాయి. ఎండ పడ్డ ఎర్రరాయి పక్కన ఆ నలుపు ఎంత గట్టిగా నిలుస్తుందో చూశాక, మోదుగ కొమ్మ దగ్గరికి వెళ్తే అదే జోడీ అక్కడా కనిపిస్తుంది. మీ అత్తగారికి కూర్చోవడానికి నీడ, నడవడానికి చదునైన నేల ఇక్కడ ఉన్నాయి. తర్వాత పస్రా దాటి తాడ్వాయి వరకు మెల్లగా వెళ్లి, ఏ ఊరి దగ్గరైనా బండి పక్కకు తీసి ఆగండి. లక్నవరం చెరువు కూడా ఆ దారికి దగ్గరే, వేలాడే వంతెన పిల్లలకు సరదా. కానీ ఆదివారం జనం ఎక్కువ, బొమ్మ వేయడానికి నిలకడ దొరకదు. బాబు పట్టుబడితే తిరుగు ప్రయాణంలో పెట్టుకోండి.

ఈ దారి గురించి రెండు జాగ్రత్తలు. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్లకొకసారి మాఘ పౌర్ణమి సమయంలో జరుగుతుంది. జాతర ఏడాదైతే ఆ వారాల్లో తాడ్వాయి వైపు వెళ్లకండి, పాకాలకే పరిమితం కండి. ఇంకొకటి, 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి తాడ్వాయి, మేడారం అడవుల్లో వేలాది చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. పాత ఫోటోల్లో చూసిన దట్టమైన అడవి ప్రతి మలుపులోనూ ఉంటుందని పిల్లలకు చెప్పకండి. కూలిన చోటు ఎదురైతే దాటేసి వెళ్లిపోవద్దు, ఆగి చూపించండి. పడిన మానుల వేళ్లు, వాటి మధ్య లేచిన కొత్త మొక్కలు కూడా గీయదగ్గవే.

మోదుగ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మీ అమ్మాయి కోరుకున్న ఎరుపుకు మన దగ్గర అసలు జవాబు అదే. ఆకులన్నీ రాలాక, బోసి కొమ్మల మీద పూస్తుంది. దూరం నుంచి చెట్టంతా ఒకే నారింజ ముద్దగా కనిపిస్తుంది. చాలామంది పిల్లలు ఆ ముద్దనే వేసి ఊరుకుంటారు. దగ్గరికి తీసుకెళ్లండి. పువ్వు అడుగున ఉన్న తొడిమ కప్పు దాదాపు నల్లగా, ముట్టుకుంటే ముఖమల్‌లా మెత్తగా ఉంటుంది. ఆ నలుపులోంచి నారింజ రెక్కలు వస్తాయి, వాటిలో ఒకటి చిలుక ముక్కులా వంగి ఉంటుంది. రెక్కల పైన సన్నటి వెండి నూగు ఉండడం వల్ల పక్క నుంచి చూస్తే నారింజ కొంచెం బూడిదలోకి మారుతుంది. పిల్లలు డబ్బాలోని నారింజ రంగును నేరుగా పూసేస్తే అది మోదుగ కాదు, ప్లాస్టిక్ పువ్వవుతుంది. పసుపు మీద పలచగా ఎరుపు వేసి, నీడ వైపు చిటికెడు నీలం కలిపితే పువ్వు దగ్గరికి వస్తుంది. తొడిమకు నల్లరంగు వాడనివ్వకండి. గోధుమ, నీలం కలిపిన చీకటి రంగు వేస్తే పక్కనున్న నారింజ మరింత వెలుగుతుంది.

రాలిన పువ్వులు ఊరి దారిలో దొరికితే ఇంటికి తెచ్చి నీళ్లలో మరిగించండి. హోలీకి మన పెద్దలు చేసుకున్న రంగు అదే. వడకట్టిన పసుపు నీళ్లలో కొంచెం తేరిన సున్నపు నీరు కలిపితే అది చిక్కటి నారింజలోకి తిరుగుతుంది. అలా తిరగడం బాబు చూడాలి. ఆ నీళ్లతోనే కాగితం మీద కుంచె ఆడించమనండి. అయితే ఎండలో ఈ రంగు నిలవదు కాబట్టి ఆ బొమ్మలను వెలుతురు తగలని చోట దాచండి.

రాలే ఆకుల్లో టేకుకు సాటి లేదు. ఒక్కో ఆకు మూర పొడవు ఉంటుంది, గరుకుగా ఉంటుంది, రాలి నేలకు తగిలేటప్పుడు చప్పుడు వినిపిస్తుంది. అడుగున ఈనెలు తీగల్లా పైకి తేలి ఉంటాయి. బాబుకు ఇదే పని ఇవ్వండి: ఈనెల వైపు పైకి పెట్టి, దాని మీద పలచటి కాగితం పరిచి, క్రేయాన్‌ను పడుకోబెట్టి రుద్దితే ఆకు మొత్తం కాగితం మీదికి లేస్తుంది. కొన్ని టేకాకులు గుడ్డ చిరిగి దారాలే మిగిలినట్లు ఈనెలు మాత్రమే మిగిలి దొరుకుతాయి. వానాకాలం చివర్లో ఒక రకం గొంగళిపురుగు ఈనెల మధ్య ఉన్న పచ్చదనాన్ని మాత్రమే తిని వదిలేసిన ఆకులవి. అలాంటిది దొరికితే మీ అమ్మాయి చేతికి ఇవ్వండి. ఆకాశానికి అడ్డంగా పట్టుకుని, ఈనెలు కాకుండా వాటి మధ్య ఖాళీల ఆకారాలను గీయమనండి. చేయి తిరగడానికి ఇంతకన్నా మంచి సాధన నాకు తెలియదు.

ఆకులు లేని రోజుల్లో మానులు కూడా బయటపడతాయి. నల్లమద్ది బెరడు చదరాలు చదరాలుగా పగిలి ఉంటుంది, బొగ్గుతో గీయడానికి బాగుంటుంది. గుట్టల మీద తపసి చెట్టు తెల్లటి నున్నటి మానుతో దూరం నుంచే తెలిసిపోతుంది. దానికి కాగితం తెలుపును వదిలి, చుట్టూ ఉన్న గుట్ట రంగు వేస్తే చాలు.

ఊరికే చూస్తూ ఉండే మనిషిలా మీ అత్తగారిని పక్కన కూర్చోబెట్టకండి. ఆమె తరం వారికి మోదుగాకుతో విస్తరి కుట్టడం తెలిసే ఉంటుంది. పుల్లతో ఆకును ఆకుకు ఎలా కలిపారో, ఈనె ఏ వైపు ఉండాలో పిల్లలకు చూపమని అడగండి. అందులో రూపకల్పన ఉంది, చేతి పనితనం ఉంది. బొమ్మకు ఆ విస్తరే వస్తువు కావచ్చు.

పిల్లలను దింపగానే ఫోను చేతికి ఇవ్వకండి. మొదట కాసేపు ఊరికే చూడనివ్వండి. తర్వాత చెట్టు బొమ్మ మొదలుపెట్టక ముందు, కాగితం అంచున వరుసగా చిన్న చదరాలు గీసి, కళ్లెదుట కనిపించే రంగులను ఒక్కో చదరంలో కలిపి నింపమనండి. ఇదంతా గోధుమ రంగే అని మొదలుపెట్టిన పిల్లలు కాసేపటికి ఆ గోధుమలో పసుపు ఉందని, ఊదా ఉందని, నీడలో నీలం ఉందని వాళ్లే చెబుతారు. అక్కడ కూర్చుని పూర్తి చిత్రం వేయాలనే పట్టు వద్దు. ఈ రంగుల వరుస, నాలుగైదు గీతల బొమ్మలు ఉంటే ఇంట్లో పెద్ద చిత్రం వేసుకోవచ్చు. ఆ తర్వాత తీసిన ఫోటో జ్ఞాపకానికి పనికొస్తుంది. ముందే తీస్తే కన్ను పని చేయడం మానేస్తుంది.

మామ పంపిన మేపుల్ ఫోటోలు చూసి బొమ్మ వేయడాన్ని తప్పు పట్టను. కానీ అదొక్కటే వేస్తే అమ్మాయి చేయి ఇతరుల కెమెరా చూసినదానికే అలవాటు పడుతుంది. ఉమ్మడి వరంగల్ జిల్లాలోని పెనుగొండలో పుట్టిన చిత్రకారుడు కొండపల్లి శేషగిరిరావు గారు శాంతినికేతన్ వెళ్లి చదువుకుని వచ్చి, తెలంగాణ బండరాళ్లను, ఇక్కడి ప్రకృతిని గీశారు. చేర్యాల నకాషీ పటాలను ఒకసారి చూపించండి, ఆ వెనక పరిచిన ఎరుపు మీద బొమ్మలు ఎలా నిలబడ్డాయో గమనించమనండి. ఎరుపు వాడడం మన దగ్గరి పనివాళ్లకు ఎప్పటి నుంచో చేతనైన విద్య.

దసరాకు కూడా పిల్లలను ఖాళీగా ఉంచకండి. అప్పుడు మన నేల రంగంతా పూలలో ఉంటుంది. ఊరి బయట తంగేడు పసుపు, చేల గట్ల మీద గునుగు వెండి గులాబీ, బతుకమ్మ పేర్చే ముందు గునుగుకు అద్దే రంగులు. పేర్చిన బతుకమ్మను పై నుంచి చూసి వలయాలుగా వేయమనండి. జనవరిలో మీ వీధిలోనే బాదం చెట్టు చూడండి, బడి ఆవరణల్లోనైనా తప్పక ఉంటుంది. రాలే ముందు నిజంగా ఎర్రబడే ఆకు మనకు సులువుగా దొరికేది అదే. కొమ్మ మీద ఒక ఆకును గుర్తు పెట్టుకుని, రెండు మూడు రోజులకొకసారి అదే ఆకు రంగును నోట్‌బుక్‌లో వేస్తూ పోతే, పచ్చ నుంచి పసుపు, నారింజ, ముదురు ఎరుపు వరకు ఒక వరుస తయారవుతుంది. తమ్ముడికి ఫోటో తీసి పంపడానికి ఆ పేజీ చాలు.

అడవిలో పాటించాల్సినవి కొన్ని ఉన్నాయి. పాకాల, తాడ్వాయి ఉన్న ఏటూరునాగారం రెండూ అభయారణ్యాలు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం నుంచి ఆకైనా, కొమ్మైనా అనుమతి లేకుండా తేకూడదు. అక్కడ చూడండి, రుద్దండి, గీయండి, దొరికిన ఆకును దొరికిన చోటే వదిలేయండి. ఇంటికి తెచ్చుకునేవి ఊళ్ల దగ్గర, ఇళ్ల వాకిళ్ల ముందు, అడిగి ఏరుకోండి. నిప్పు అసలు వద్దు, వంట కూడా వద్దు. ఎండుటాకు మోకాలి లోతున పేరుకుని ఉండే రోజులవి, ఒక్క అగ్గిపుల్లకు గుట్టంతా అంటుకుంటుంది. పిల్లలకు బూట్లు వేయండి, ఆకుల గుట్టల్లోకి చేతులు పెట్టనివ్వకండి, పాములుంటాయి. దారి విడిచి లోపలికి వెళ్లకండి. మార్చిలో తునికాకు కొమ్మ కొట్టే కూలీలు, ఇప్పపువ్వు ఏరేవాళ్లు కనిపిస్తే వాళ్ల పనికి అడ్డుపడకుండా దూరంగా కూర్చోండి. గీయాలనుంటే అడగండి, చాలామంది సంతోషంగా ఒప్పుకుంటారు.

ఇక సామగ్రి. 24 రంగుల పెద్ద పెట్టె కొనకండి. ట్యూబు నీటిరంగులు ఆరు చాలు: నిమ్మ పసుపు, యెల్లో ఓకర్, క్రిమ్సన్ ఎరుపు, నారింజ కలిసిన స్కార్లెట్, అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా. చివరి రెండూ కలిపితే మానులకు కావాల్సిన బూడిద రంగులన్నీ వస్తాయి. ఆకుపచ్చ కొనవద్దు, పసుపు నీలాలతో కలుపుకోమనండి. డబ్బు కాగితం మీద పెట్టండి. 300 జీఎస్ఎం దళసరి కాగితం నీళ్లకు అంతగా ముడతలు పడదు. పలచటి డ్రాయింగ్ షీటు మీద చిగురుటాకు పలచదనం పలకదు. 8, 12 నంబర్ల గుండ్రటి కుంచెలు రెండు, బాబుకు మైనం క్రేయాన్లు, రుద్దడానికి పలచటి కాగితాలు, అట్ట, క్లిప్పులు, మూత గట్టి డబ్బాలో నీళ్లు, ఒక పాత నూలు గుడ్డ. మీ అత్తగారికి మడత కుర్చీ తీసుకెళ్లండి, అక్కడ నేల మీద కూర్చోవడం కష్టం. తిరుగు ప్రయాణంలో తడి బొమ్మలను ఒకదాని మీద ఒకటి పెట్టకుండా కారు వెనక అద్దం దగ్గర విడివిడిగా పరచండి.